గుండె తలుపులు, గుండె కండ: కవాట చికిత్స చరిత్ర చెప్పే పాఠం

ఇమామ్ గజాలీ (ర.అలై) తమ ఇహ్యాఉ ఉలూమిద్దీన్‌లో హృదయాన్ని గురించిన అధ్యాయాన్ని ఒక విభజనతో ఆరంభించారు. ఖల్బ్ అనే మాటకు రెండు అర్థాలున్నాయన్నారు. ఒకటి, రొమ్ములో ఎడమ వైపున శంకువు ఆకారంలో ఉండే మాంసపు ముద్ద. రెండవది, మానవుని నిజస్వరూపమైన సూక్ష్మ తత్త్వం. మొదటిదానిని వివరించడం వైద్యుల పని అని చెప్పి, ఆయన రెండవదాని వైపు సాగిపోయారు. ఆయన వైద్యులకు విడిచిపెట్టిన ఆ మాంసపు ముద్దకు కూడా సుదీర్ఘమైన చరిత్ర ఉంది. అందులో ముస్లిం వైద్యులకు చెప్పుకోదగిన భాగం ఉంది. ఆ చరిత్రను ఉన్నదున్నట్లు తెలుసుకోవడం ఈనాటి రోగికి సైతం మేలు చేస్తుంది.

గుండెలో నాలుగు గదులు, నాలుగు ద్వారాలు ఉన్నాయి. ఆ ద్వారాల తలుపులనే కవాటాలంటారు. రక్తం ముందుకు పోయేటప్పుడు అవి తెరచుకొంటాయి; వెనుకకు మరలబోతే మూసుకొంటాయి. రోజుకు సుమారు లక్ష సార్లు ఈ పని జరుగుతుంది. తలుపు బిగుసుకుపోతే వెనుక గదిలో రక్తం నిలిచిపోతుంది. తలుపు సరిగా మూసుకోకపోతే పంపిన రక్తంలో కొంత తిరిగి వచ్చేస్తుంది. ఏ విధంగానైనా చివరకు భారం పడేది గుండె కండరం మీదనే. ఏళ్ల తరబడి ఆ భారం మోసిన గుండె ఒకనాటికి శరీరానికి కావలసినంత రక్తాన్ని అందించలేకపోతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకొంటే ఊపిరాడకపోవడం, పాదాల వాపు, పొట్టలో నీరు చేరడం దీని గుర్తులు. దీనినే హృదయ వైఫల్యమంటారు. గుండె ఆగిపోవడం వేరు, ఇది వేరు.

చెడిన తలుపును బాగుచేస్తే అలసిన గుండె తిరిగి కోలుకొంటుందా? ఈ ఒక్క ప్రశ్నకు సరియైన సమాధానం దొరకడానికి వైద్యులకు ఎంతో కాలం పట్టింది. ఆ సమాధానం తెలియక ఎందరో రోగులు చికిత్సకు దూరమయ్యారు. తెలిసిన తర్వాత కూడా, ఆలస్యంగా వచ్చి దాని ఫలం పొందలేకపోతున్న వారు ఈనాటికీ ఉన్నారు.

గోడలో రంధ్రాలు లేవు

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ మాట వైద్యలోకంలో వెయ్యేండ్లకు పైగా చెల్లింది. గుండెలో కుడి, ఎడమ జఠరికల మధ్యనున్న గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయని, వాటి గుండా రక్తం కుడి నుండి ఎడమకు ఊరుతుందని ఆయన సిద్ధాంతం. కవాటాల సంగతి గ్రీకులకు తెలుసు. బగ్దాదులో హునైన్ బిన్ ఇస్‌హాఖ్ (మరణం 873), ఆయన శిష్యులు గాలెన్ గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చారు. ఇబ్నె సీనా (మరణం హి. 428 / క్రీ.శ. 1037) తమ అల్ ఖానూన్‌లో చాలావరకు ఆ మార్గాన్నే అనుసరించారు. గుండెకు సంబంధించిన ఔషధాలపై అల్ అద్వియతుల్ ఖల్బియా అనే ప్రత్యేక గ్రంథం కూడా వ్రాశారు.

ఈ సిద్ధాంతాన్ని సూటిగా కాదన్నవారు అలాఉద్దీన్ ఇబ్నున్నఫీస్ (ర.అలై). ఆయన డమాస్కస్‌లోని నూరీ ఆస్పత్రిలో విద్య నేర్చి, కైరోలో వైద్యులుగా స్థిరపడ్డారు. షాఫయీ ఫిఖ్హ్ బోధించిన పండితులు కూడా. హి. 640 (క్రీ.శ. 1242)లో, ఇంకా ముప్పది యేండ్లు నిండకముందే, ఇబ్నె సీనా గ్రంథంలోని శరీరనిర్మాణ భాగానికి వ్యాఖ్యానం వ్రాశారు. గుండె మధ్య గోడ దళసరిగా, గట్టిగా ఉంటుందని, అందులో కనిపించే రంధ్రాలుగాని కనిపించని రంధ్రాలుగాని లేవని స్పష్టంగా ప్రకటించారు. రక్తం కుడి జఠరిక నుండి ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలసి, తిరిగి ఎడమ వైపుకు చేరుతుందన్నారు. గుండె కండరం తన గదిలో ఉన్న రక్తంతోగాక, తన శరీరంలోనే పరచుకొని ఉన్న నాళాల ద్వారా పోషణ పొందుతుందని కూడా వ్రాశారు. గుండె ఒట్టి తిత్తి కాదు, అది తాను తిని బ్రతకవలసిన కండ అన్న గ్రహింపు ఇందులో ఉంది.

ఆయన సమకాలికుడు ఇబ్నుల్ ఖుఫ్ (మరణం హి. 685 / క్రీ.శ. 1286). ఈయన కరక్‌లో జన్మించిన క్రైస్తవుడు. ముస్లిం గురువుల వద్ద చదివి, ముస్లిం పాలకుల కొలువులో వైద్యం చేశాడు. శస్త్రచికిత్సపై ఈయన వ్రాసిన అల్ ఉమ్దా అరబ్బీలో ఆ విద్యకు సంబంధించిన ముఖ్య గ్రంథాలలో ఒకటి. గుండె కవాటాల పనిని కూడా ఈయన వివరించాడు. తెలుగు నేలకు ఇక్కడ ఒక సంబంధముంది. అల్ ఉమ్దాను హి. 1356 (క్రీ.శ. 1937)లో అచ్చువేసి లోకానికి అందించినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ. అబూబక్ర్ రాజీ బృహద్గ్రంథం అల్ హావీని 1955 నుండి సంపుటాలుగా ప్రచురించినదీ ఆ సంస్థయే.

ఇక్కడ అతిశయోక్తికి తావివ్వరాదు. ఈ వైద్యులలో ఎవరూ గుండెకు శస్త్రచికిత్స చేయలేదు. ఇబ్నున్నఫీస్ చెప్పినది ఊపిరితిత్తుల గుండా సాగే ప్రసరణ మాత్రమే. శరీరమంతటా సాగే రక్త ప్రసరణను నిరూపించినవాడు ఆంగ్లేయుడైన విలియం హార్వే (1628). ఇబ్నున్నఫీస్ గ్రంథం తూర్పున గాని పడమట గాని చెప్పుకోదగిన శిష్యపరంపరను పొందలేదు. 1924లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఈజిప్టు వైద్యుడు ముహ్యుద్దీన్ తతావీ బెర్లిన్ గ్రంథాలయంలోని వ్రాతప్రతిని చదివి వెలికితీసేవరకు దాని విలువ నవీన లోకానికి తెలియలేదు. ఒక సత్యాన్ని కనుగొనడం ఒక ఎత్తు. దానిని పట్టుకొని తరతరాలుగా ముందుకు నడపడం మరొక ఎత్తు. మన పూర్వులు మొదటిది చేశారు. రెండవది సాగకపోవడానికి కారణాలు వెదకడం చరిత్రకారుల బాధ్యత.

దోషం తలుపుదా, కండదా?

గుండె అలసి ఒళ్లు నీరు పట్టిన రోగులకు 18వ శతాబ్దం చివర ఒక మందు దొరికింది. ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ 1785లో డిజిటాలిస్ అనే మొక్క ఆకును గురించి తన అనుభవాలను ప్రకటించాడు. ఆ మందు వాపును తగ్గించేది. చెడిన కవాటాన్ని మాత్రం ఏమీ చేయలేకపోయేది. 1816లో ఫ్రాన్సులో లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టగా, వైద్యులకు గుండెలోని అసహజ శబ్దాలు వినిపించసాగాయి. కీళ్లవాత జ్వరం, అనగా రుమాటిక్ జ్వరం, వచ్చిపోయిన పిల్లలలో గుండె కవాటాలు చెడిపోతాయని ఫ్రెంచి వైద్యుడు బూయో 1836 నాటికి నొక్కి చెప్పాడు. శబ్దం వినిపించిన ప్రతివానినీ హృద్రోగిగా లెక్కించి మంచం పట్టించడం ఆ కాలపు అలవాటుగా మారింది.

దీనిని ఎదిరించినవాడు స్కాట్లండుకు చెందిన జేమ్స్ మెకెంజీ (1853-1925). ఆయన బర్న్‌లీ పట్టణంలో సాధారణ వైద్యుడుగా ఏళ్ల తరబడి అవే కుటుంబాలను చూస్తూ వచ్చాడు. గుండెలో శబ్దమున్నవారెందరో చక్కగా పనిచేసుకొంటూ దీర్ఘకాలం బ్రతకడం గమనించాడు. రోగి భవిష్యత్తును నిర్ణయించేది కవాటం కాదు, గుండె కండరపు శక్తియే అన్నది ఆయన నిర్ణయం. ఆ మాటలో ఎంతో సత్యముంది. దాని వలన అనవసరంగా మంచాన పడిన వారెందరో లేచి తిరిగారు. కాని దానికి మరొక ఫలితం కూడా కలిగింది. దోషమంతా కండరానిదే అయినప్పుడు కవాటాన్ని కోసి బాగుచేయడం వృథా అని వైద్యులు తీర్మానించుకున్నారు.

1902లో లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్ బిగుసుకుపోయిన మిట్రల్ కవాటాన్ని శస్త్రచికిత్సతో తెరవవచ్చునని వ్రాస్తే విమర్శలే ఎదురయ్యాయి. మిట్రల్ అనగా ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే ద్విపత్ర కవాటం. 1923లో బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ ఒక బాలికకు ఈ చికిత్స చేశాడు. ఆమె నాలుగేండ్లకు పైగా జీవించింది. కాని తర్వాతి రోగులు ఇంచుమించు అందరూ మరణించడంతో ఆయన విరమించుకొన్నాడు. 1925లో లండన్‌లో హెన్రీ సౌటార్ మరొక పద్ధతి అవలంబించాడు. కొట్టుకొంటున్న గుండెలోనికి, ఎడమ కర్ణిక అంచున చేసిన చిన్న రంధ్రం గుండా తన వేలు పోనిచ్చి, కవాటాన్ని తాకి వెడల్పు చేశాడు. రోగి అయిన బాలిక కోలుకొని కొన్నేండ్లు జీవించింది. శస్త్రచికిత్స జయప్రదమైనా, వైద్యులు మరొక రోగిని ఆయన వద్దకు పంపలేదు. మెకెంజీ సిద్ధాంతం అంత బలంగా నాటుకొని ఉంది. ఈ విధంగా ఇరువది మూడేండ్లు గడచిపోయాయి.

వేలితో తెరచిన తలుపు

రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుల గుండెలలో నుండి తూటా ముక్కలను తీసిన అనుభవం శస్త్రవైద్యులకు ధైర్యమిచ్చింది. 1948లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ, బోస్టన్‌లో డ్వైట్ హార్కెన్, లండన్‌లో రస్సెల్ బ్రాక్ కొద్ది నెలల వ్యవధిలో మిట్రల్ కవాటాన్ని తెరచి రోగులను బ్రతికించారు. బెయిలీ మొదటి నలుగురు రోగులు మరణించారు. ఐదవ రోగి బ్రతికింది. నాలుగు చావులను చూసిన వైద్యుడు ఐదవ ప్రయత్నం చేయడం సబబేనా అన్న ప్రశ్న ఈనాటికీ వైద్యనీతిలో చర్చనీయమే.

ఈ చికిత్స పొందినవారి స్థితి మెకెంజీ వాదాన్ని తలక్రిందులు చేసింది. బిగిసిన కవాటం తెరచుకోగానే ఊపిరితిత్తులలో నిలిచిన రక్తానికి దారి దొరికేది. రాత్రుళ్లు కూర్చుని ఊపిరి పీల్చుకొన్నవారు వెల్లకిలా పడుకొని నిద్రపోగలిగారు. దోషం తలుపుదేనని రుజువైనట్లు కనిపించింది. అయితే మిట్రల్ కవాటం బిగుసుకుపోయినప్పుడు ఎడమ జఠరిక మీద భారం పడదు. అది తలుపుకు అవతల సురక్షితంగా ఉంటుంది. బాధపడేవి ఊపిరితిత్తులు, వాటికి రక్తాన్ని తోసే కుడి వైపు గుండె. అందుకే ఈ రోగులు త్వరగా కోలుకొన్నారు. మిగిలిన కవాటాల వ్యాధులలో కథ ఇంత సులభం కాదని తర్వాత తెలిసింది.

కొత్త తలుపులు

పూర్తిగా పాడైన కవాటాన్ని మార్చాలంటే గుండెను ఆపి తెరవాలి. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రంతో చేయించి శస్త్రచికిత్స జరపడంతో అది సాధ్యమయింది. 1960లో హార్కెన్ బృహద్ధమని కవాటం స్థానంలో కృత్రిమ కవాటాన్ని అమర్చాడు. అదే ఏడు అమెరికా శస్త్రవైద్యురాలు నీనా బ్రౌన్‌వాల్డ్ మిట్రల్ స్థానంలో కృత్రిమ కవాటాన్ని పెట్టింది. ఆరెగన్ రాష్ట్రంలో ఆల్బర్ట్ స్టార్, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలసి పంజరంలో బంతి ఉన్నట్టి కవాటాన్ని తయారుచేశారు. రక్తం తోసినప్పుడు బంతి పైకి లేచి దారి ఇస్తుంది. వెనుకకు మరలినప్పుడు క్రిందికి దిగి దారి మూస్తుంది. ఈ కవాటం వేలాది రోగులకు ఉపయోగపడింది.

లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. దీనికి విరుగుడు పశువుల వ్యాధి నుండి లభించింది. 1920లలో కెనడా, ఉత్తర అమెరికా రైతుల పశువులు బూజు పట్టిన తియ్య క్లోవర్ గడ్డి తిని రక్తస్రావంతో చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని కారక ద్రవ్యాన్ని వేరుచేసింది. దాని నుండి పుట్టిన వార్ఫరిన్ మొదట ఎలుకల మందు. 1954 నుండి మానవులకు ఔషధం. లోహపు కవాటం పెట్టుకొన్నవారు ఈ మందును జీవితాంతం వాడవలసిందే.

ఆ తొలిరోజుల్లో శస్త్రవైద్యులను కలవరపెట్టిన మరొక విషయం ఉంది. కవాటం చక్కగా అమరినా కొందరి గుండె తిరిగి పుంజుకొనేది కాదు. ఆపరేషను జరుగుతున్నంతసేపు రక్తం అందక కండరమే దెబ్బతినడం దీనికి ఒక ముఖ్య కారణం. 1955లో లండన్‌లో మెల్‌రోజ్ పొటాషియం ద్రావణంతో గుండెను నిద్రపుచ్చే పద్ధతి తెచ్చాడు. ద్రావణం గాఢత వలన కండరానికి హాని కలుగుతోందని తెలిసి, కొన్నేండ్లలో దానిని విడిచిపెట్టారు. 1970లలో తక్కువ గాఢత గల చల్లని ద్రావణాలు వచ్చిన తర్వాతనే గుండెను భద్రంగా ఆపడం, తిరిగి నడిపించడం స్థిరపడింది. కండరమే ప్రధానమన్న మెకెంజీ మాట ఈ విధంగా మరొక దారిన తిరిగి వచ్చింది.

ఎవరు కోలుకొంటారు? ఎంత కోలుకొంటారు?

బృహద్ధమని కవాటం బిగుసుకుపోయినప్పుడు ఎడమ జఠరిక ఇరుకు సందులో నుండి రక్తాన్ని బలవంతంగా నెట్టవలసి వస్తుంది. కుస్తీవాని భుజం వలె దాని గోడ దళసరి అవుతుంది, చివరకు అలసిపోతుంది. కవాటం మార్చగానే ఆ భారం ఒక్కసారిగా దిగిపోతుంది. అందువలన బాగా బలహీనపడిన గుండె కూడా ఈ వ్యాధిలో తరచు పుంజుకొంటుంది. దళసరి తగ్గడానికి మాత్రం నెలలు, ఏండ్లు పడుతుంది. కండరంలో మచ్చకట్టిన భాగం తిరిగి కండరంగా మారదు. పెద్ద ఆపరేషనుకు తట్టుకోలేని వృద్ధుల కోసం 2002లో ఫ్రాన్సులోని రువాన్ నగరంలో అలాన్ క్రిబియె రక్తనాళం గుండా కవాటాన్ని పంపి అమర్చాడు. ఆ పద్ధతి ఈనాడు లోకమంతటా వ్యాపించింది.

మిట్రల్ కవాటం కారుతున్నప్పుడు పరిస్థితి మోసపుచ్చేదిగా ఉంటుంది. ఎడమ జఠరిక తన రక్తంలో కొంత ముందుకు, కొంత వెనుకకు సులభంగా వదలుతూ ఉంటుంది. ఎకో పరీక్షలో ప్రతి స్పందనకు జఠరిక బయటకు నెట్టే రక్తపు శాతం బాగానే కనిపిస్తుంది. లోపల కండరం సడలిపోతున్న సంగతి బయటపడదు. కవాటం బాగుచేసిన తర్వాత వెనుకదారి మూతపడుతుంది. అప్పుడు రక్తాన్నంతా ముందుకే నెట్టవలసి రాగా దాచిపెట్టిన బలహీనత బయటపడుతుంది. రోగి, బంధువులు ఆపరేషను చెడిందనుకొంటారు. చాలాసార్లు చెడినది సమయం. అందుచేతనే ఈ వ్యాధిలో ఆ శాతం 60కి పడిపోకముందే, జఠరిక వ్యాకోచించకముందే శస్త్రచికిత్స చేయాలని వైద్యులు ఈనాడు నియమం పెట్టుకొన్నారు. 60 అనే అంకె పైకి ఆరోగ్యంగా కనిపిస్తుంది. కారే కవాటం ఉన్నవానికి అది హెచ్చరిక.

కవాటాన్ని జఠరిక గోడకు కట్టి ఉంచే త్రాళ్ల వంటి తంతువులను కోసివేస్తే జఠరిక తన ఆకారాన్ని, బలాన్ని కోల్పోతుందని కూడా క్రమంగా తెలిసింది. వాటిని కాపాడాలని అమెరికా శస్త్రవైద్యుడు వాల్టన్ లిల్లెహై 1960లలోనే చెప్పాడు. అది అందరికీ అలవాటు కావడానికి ఇరువది యేండ్లు పట్టింది. పారిస్‌లో అలాన్ కార్పెంతియే వీలైనంతవరకు రోగి సొంత కవాటాన్నే ఉంగరం వంటి ఆధారంతో సరిచేసే పద్ధతులను క్రమబద్ధం చేశాడు. తలుపును మార్చేటప్పుడు గోడను కూడా కాపాడాలన్నది దీని సారాంశం.

ఆపరేషను తర్వాతి చికిత్స కూడా మారింది. ఒకప్పుడు గుండె రోగికి వారాల తరబడి మంచమే మందు. 1952లో అమెరికాలో లెవీన్, లౌన్ అనే వైద్యులు గుండెపోటు రోగులను త్వరగా కుర్చీలో కూర్చోబెట్టడం మేలని ప్రకటించిన తర్వాత ఆ అలవాటు సడలసాగింది. 1987లో ప్రకటించిన ఒక ప్రఖ్యాత పరిశోధన ఎనలాప్రిల్ అనే మందు తీవ్రమైన హృదయ వైఫల్యంలో ప్రాణాలు కాపాడుతుందని చూపింది. అటుపిమ్మట కండరానికి విశ్రాంతినిచ్చే బీటా బ్లాకర్ల వంటి మందులు తోడయ్యాయి. కవాట శస్త్రచికిత్స జరిగిన 147 మందిపై డెన్మార్కులో జరిపిన పరిశోధన 2016లో వెలువడింది. క్రమబద్ధమైన వ్యాయామం, సలహా పొందినవారి శరీరశక్తి నాలుగు నెలలకు మెరుగైనట్లు, మనోస్థితిలో మాత్రం తేడా కనిపించనట్లు అందులో తేలింది. కండ కోలుకొన్నా మనస్సు కోలుకోవడం వేరొక పని అన్నమాట. రోగి ఇంటివారు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంది.

మన దేశంలో

భారతదేశంలో ఈ వ్యాధి ముఖం వేరు. పాశ్చాత్య దేశాలలో ఈనాడు కవాట వ్యాధి ఎక్కువగా వృద్ధాప్యపు వ్యాధి. మన వద్ద రుమాటిక్ జ్వరం బాల్యంలోనే కవాటాలను కాటు వేస్తుంది. ఇరువది యేండ్లయినా నిండని పిల్లలలో మిట్రల్ కవాటం తీవ్రంగా బిగుసుకుపోవడాన్ని ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన సుజయ్ రాయ్, ఆయన సహచరులు 1963లో లాన్సెట్ పత్రికలో వర్ణించారు. గొంతునొప్పితో మొదలయ్యే ఈ జ్వరం పేదరికంలో, ఇరుకు ఇండ్లలో పెరుగుతుంది. గొంతునొప్పికి సకాలంలో పెన్సిలిన్ ఇస్తే జ్వరాన్ని నివారించవచ్చు. ఒకసారి జ్వరం వచ్చినవారికి మూడు, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఏండ్ల తరబడి ఇస్తే కవాటాలు మరింత చెడకుండా కాపాడవచ్చు. కొత్త కవాటం పెట్టిన తర్వాత కూడా ఈ ఇంజెక్షను మానరాదు.

విదేశీ కవాటాల ధర మన రోగులకు అందేది కాదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ (మరణం 2024) నాయకత్వాన స్వదేశీ కవాటం కోసం కృషి మొదలయింది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. లోహపు చట్రంలో వాలే ప్లాస్టిక్ బిళ్లతో తయారైన నాలుగవ నమూనాను 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. తర్వాతి దశాబ్దాలలో చిత్ర కవాటాన్ని లక్షమందికి పైగా పొందారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం గుండె శస్త్రచికిత్సల ఖర్చును భరించడంతో, అంతవరకు ఆ ఊహే లేని పేద కుటుంబాలకు ఆపరేషను అందుబాటులోకి వచ్చింది. ఆపరేషను ఖర్చుకు దారి దొరికినా, తర్వాత జీవితాంతం సాగే మందులు, రక్త పరీక్షలు, రానుపోను ప్రయాణాల భారం ఇంటి మీదనే పడుతుంది. బాగయిందనుకొని మందులు మానివేసి, కవాటం మీద గడ్డ కట్టి ప్రాణం మీదికి తెచ్చుకొనే సందర్భాలు ఇక్కడనే పుడతాయి.

ముస్లిం రోగి ముందున్న ప్రశ్నలు

1960లలో కార్పెంతియే, ఇతరులు పంది గుండె కవాటాలను రసాయనంతో శుద్ధిచేసి మానవులకు అమర్చడం ఆరంభించారు. ఈ పద్ధతిలో వార్ఫరిన్ అవసరం చాలావరకు తప్పుతుంది. ముస్లిం రోగికి సహజంగానే సంకోచం కలుగుతుంది. ప్రాణాపాయ స్థితిలో, వేరొక దారి లేనప్పుడు, అతిక్రమణ కోరిక లేకుండా నిషిద్ధాన్ని వాడుకొన్నవానిపై పాపం లేదని అల్ బఖరా సూరా 173వ ఆయతు చెబుతుంది. ఈ జరూరత్ సూత్రం ఆధారంగా అనేకమంది ఉలమాలు దీనిని అనుమతించారు. రసాయన చర్య వలన వస్తువు స్వభావమే మారిపోతుందన్న ఇస్తిహాలా వాదాన్ని మరికొందరు ముందుకు తెచ్చారు. వేరొక దారి ఉన్నప్పుడు అటే పోవాలని కొందరు పట్టుబడతారు. నిజానికి వేరొక దారి చాలాకాలంగా ఉంది. 1971లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో మారియన్ ఇయోనెస్కు పశువుల గుండెపొరతో చేసిన కవాటాన్ని అమర్చాడు. ఈనాడు ఆ తరహా కవాటాలు విస్తారంగా దొరుకుతున్నాయి. లోహపు కవాటాలు సరేసరి. కనుక రోగి ఆపరేషనుకు ముందే డాక్టరును అడిగి, ఆలిముతో సంప్రదించి నిర్ణయించుకోవడం మంచిది. సంకోచంతో ఆపరేషనునే వాయిదా వేయడం మాత్రం ప్రమాదకరం.

ఎంపికలో వైద్యపరమైన చిక్కులు కూడా ఉన్నాయి. జంతు కవాటం చిన్న వయసువారిలో త్వరగా అరిగిపోయి రెండవ ఆపరేషను అవసరమవుతుంది. లోహపు కవాటం చాలాకాలం మన్నుతుంది. కాని వార్ఫరిన్ గర్భంలోని శిశువుకు హాని చేయవచ్చు. పెండ్లి కావలసిన యువతి విషయంలో ఈ రెండింటినీ తూచి చూడాలి. ఆ మాటలు తల్లిదండ్రులు, డాక్టరు మాత్రమే మాట్లాడుకొని ఆమెకు తెలియకుండా దాచడం న్యాయం కాదు.

వార్ఫరిన్ వాడేవారు క్రమంగా రక్త పరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలు మానరాదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. యునానీ మందు గాని, నాటు మందు గాని డాక్టరుకు చెప్పకుండా వాడరాదు. రమజాన్ మాసంలో ఉపవాసముండి మందుల వేళలు మార్చుకోవాలనుకొనేవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. నీరు, నీరు తీసే మందు రెండింటి లెక్కా తప్పితే కోలుకొంటున్న గుండె మళ్లీ అలసిపోతుంది. రోగికి సడలింపు ఇచ్చినది అల్లాహ్‌యే (అల్ బఖరా, 184, 185). ఆ సడలింపును స్వీకరించడం భక్తిలో లోటు కాదు.

ఉభయుల మాటా నిజమే

ఈ చరిత్రను వెనుదిరిగి చూస్తే రెండు పక్షాలూ సగం సగం సత్యాన్ని పట్టుకొన్నట్లు తెలుస్తుంది. దోషం కండరానిదే అన్న మెకెంజీ పక్షం శస్త్రచికిత్సను ఇరువది మూడేండ్లు వెనుకకు నెట్టింది. తలుపు మారిస్తే చాలునన్న పక్షం, తలుపు మారినా కోలుకోని గుండెలను చూసి నిలిచిపోయింది. శస్త్రవైద్యుడు తలుపును బాగుచేయగలడు. కోలుకోవలసిన పని కండరానిది. దానికి బలం మిగిలి ఉండగా రోగి రావాలి. వచ్చిన తర్వాత మందు, వ్యాయామం, ఓర్పు వదలకుండా సాగించాలి.

ఇబ్నున్నఫీస్ తమ ఇంటిని, గ్రంథాలయాన్ని కైరోలోని మన్సూరీ ఆస్పత్రికి వ్రాసి ఇచ్చి హి. 687 (క్రీ.శ. 1288)లో కన్నుమూశారని చరిత్రకారులు వ్రాశారు. తాము కనుగొన్నది తమతో పోకూడదని, రోగుల పాదముద్రలు పడే చోటనే విద్య కూడా ఉండాలని ఆయన భావించి ఉండవచ్చు. ఆయన పేరు చెప్పుకొని గర్వించడం సులభం. కీళ్లనొప్పులు, జ్వరం వచ్చిన పిల్లవానిని డాక్టరు వద్దకు తీసుకొనిపోవడం, మూడు వారాలకొకసారి ఇంజెక్షను తప్పకుండా వేయించడం, ఆయాసంతో బాధపడే కోడలిని ఇంటి పనుల సాకుతో ఆపకుండా సమయానికి ఆస్పత్రికి పంపడం ఆ గర్వానికి తగిన ఆచరణ. ఆస్పత్రికి ఆస్తి ఇవ్వగలవారు మనలో కొద్దిమందే ఉంటారు. ఈ పనులు మాత్రం ప్రతి ఇంటివారూ చేయగలిగినవే.